నాలుగు నిమిషాలు ముందు

ఆ వేసవిలో మా అక్కావాళ్ల హేచరీలో పాత కంప్యూటర్ని పీకేసింది నేనే. పీకమని ఎవరూ అడగలేదు. శుభ్రంగా పనిచేసేదాన్ని పీకేయాలంటే మనిషికి కాస్త తెలివి, కాస్త పొగరు, చేతినిండా తీరిక ఉండాలి. ఆ రోజుల్లో నాకు తెలివి సంగతేమో గానీ మిగతా రెండూ దండిగా ఉండేవి.

నాది కంప్యూటర్లు బాగుచేసే కొట్టు. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక పెద్ద పెట్టెల్ని మోసుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. ఈగలు తోలుకుంటూ కూర్చున్న నాకు ఆ చిన్న పలకలు దొరికాయి. పేకముక్కల పెట్టెంత పలక, దానిమీదే మొత్తం కంప్యూటర్. చౌక. ఫ్యాను మోత ఉండదు, కరెంటు చీమ తిన్నంత తింటుంది. కోళ్లఫారాల్లో, గిడ్డంగుల్లో ఎక్కడెక్కడ పాత పెట్టెలు దుమ్ము కొట్టుకుని ఉన్నాయో అక్కడల్లా వీటిని పెట్టేస్తే నా కొట్టు మళ్లీ లేచి నిలబడుతుందని కలలు కన్నాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా అని మొదట అక్క ఇంటిమీదే పడ్డాను.

వాళ్ల పొదిగే గది ఇంటి వెనకే ఉంది. వేడి బయటికి పోకుండా గోడల నిండా మందపాటి అట్టలు దట్టించిన గది. లోపలికి వెళ్తే ఫోను సిగ్నల్ కూడా గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. అందులో బీరువా కంటే ఎత్తయిన మిషను, దాని నిండా ట్రేలు, ట్రేల నిండా గుడ్లు. మిషను పక్కన ఇనప మీట ఒకటి ఉంటుంది. మూడు గంటలకోసారి ఆ మీట లాగితే ట్రేలన్నీ రెండో పక్కకి ఒరుగుతాయి. లాగకపోతే లోపల పిల్ల పెంకుకి అంటుకుపోతుంది. పిల్లలు బయటికి రావడానికి ఇరవై ఒక్క రోజులు; విడత వెనక విడత వస్తూనే ఉంటుంది కాబట్టి పగలూ రాత్రీ, ఎవరో ఒకరు లాగుతూ ఉండాల్సిందే. ఆ ఎవరో ఒకరు బాబాయి.

ఆయన మా బావకి బాబాయి. బావ తండ్రి పోయాక బావని పెంచింది ఆయనే. పెళ్లీ పెటాకులూ లేవు. పొదిగే గది పక్కన చిన్న గదిలో మంచం, చేతికి ఒక వాచీ, చెవిమీద పెన్సిలు, అదీ ఆయన సంసారం. ఎన్నో ఏళ్లుగా మూడు గంటలకోసారి లేచి లేచి ఆయన నిద్ర కూడా మూడేసి గంటల ముక్కలైపోయింది. మీట లాగగానే వేడి ఎంత ఉంది, తేమ ఎంత ఉంది, టైమెంత, ఒక పొడుగు పుస్తకంలో రాసేవాడు. ఆ వీధిలో అందరూ ఆయన్ని గంట బాబాయి అనేవాళ్లు. అక్క అయితే పాలు పొయ్యి మీద పెట్టి, "బాబాయి మీట లాగిన చప్పుడు అయ్యాక దించుతా" అనుకునేది.

ఆ గదిలో పాత కంప్యూటర్ పదకొండేళ్లుగా ఒకే బల్లమీద కూర్చుని ఉంది. పిల్లల నూగు దాని ఫ్యానులో చుట్టుకుపోతే ఏడాదికి రెండుసార్లు నేనే ఊదిపెట్టేవాణ్ని. మిషను వేడీ తేమా కొలవడం, తెరమీద పెద్ద అంకెల్లో టైము చూపించడం దాని పని. ఆ టైము నాలుగు నిమిషాలు ముందుండేది. బాబాయి తన వాచీని దానితో సరిపెట్టుకునేవాడు. నెలకోసారి దాన్ని చూసి, అటూ ఇటూ అయితే మళ్లీ నాలుగు దగ్గరే నిలబెట్టేవాడు.

"సరిచేసి పోతా బాబాయ్, నిమిషం పని," అన్నాను ఒకసారి.

"ఉండనియ్యి అబ్బాయ్. ముందుండేవాడివల్ల ఎవరికీ నష్టం లేదు. వెనకబడేవాడితోనే గొడవంతా," అన్నాడాయన.

కొత్త పలకని బిగించిన రోజు బావ మొదట నవ్వాడు. "ఏంట్రా బావమరిదీ ఇది, సబ్బుపెట్టెలా ఉంది! నా గుడ్లన్నీ దీని చేతిలో పెట్టమంటావా?"

"పిట్ట కొంచెం, కూత ఘనం బావా. చూస్తూ ఉండు," అన్నాను.

బావ దానికి చిట్టిది అని పేరు పెట్టాడు. చిట్టిదాన్ని గోడకి కొట్టి, అవసరమైనప్పుడే వెలిగించుకునే చిన్న తెర ఒకటి తగిలించి, పక్కనే ఉన్న లైటు ప్లగ్గులో గుచ్చాను. పాతదాని కింద ఉండే బరువైన బ్యాటరీ పెట్టె కూడా ఇక దండగ అన్నాను. కరెంటు పోతే మిషనుకి జనరేటర్ ఎలాగూ ఉంది. చిట్టిది మాత్రం కరెంటు రాగానే ఎవరూ ముట్టుకోకుండా తనంతట తనే లేచి కూర్చుంటుంది. బావ చూస్తుండగా ప్లగ్గు పీకి, మళ్లీ గుచ్చి, అర నిమిషంలో దాన్ని లేపి చూపించాను. గుమ్మం దగ్గర నిలబడిన అక్క చప్పట్లు కొట్టింది.

తర్వాత మీట పక్కన ఒక పచ్చ బొత్తాం బిగించాను. మీట లాగినప్పుడల్లా బాబాయి దాన్ని నొక్కితే చాలు, బొత్తాంలో దీపం వెలుగుతుంది, ఎప్పుడు లాగాడో చిట్టిదే రాసుకుంటుంది.

"మరి పుస్తకం?" అన్నాడు బాబాయి.

"ఇంకా పుస్తకం ఏంటి బాబాయ్! నువ్వు నిద్రమత్తులో తప్పు రాయొచ్చు గానీ ఇది రాయదు. మిషను అబద్ధం ఆడదు," అన్నాను. సరదాగా ఆయన చెవిమీద పెన్సిలు తీసి నా జేబులో పెట్టుకున్నాను. ఆయనా నవ్వాడు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అని గొణిగాడు గానీ, మాట మాత్రం విన్నాడు. ఆ రోజు నుంచి పుస్తకంలో ఒక్క అక్షరం రాయలేదు. ఆయన కాస్త మొండివాడైనా బాగుండేదని తర్వాత నేను అనుకోని రోజు లేదు.

పాత కంప్యూటర్ని విప్పి సామాను వాడుకుందామని కొట్టుకి తెచ్చి మూల పడేశాను.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం రెండింటికి అక్క ఇంటికి వెళ్లేవాణ్ని. గదిలో సిగ్నల్ అందదు కాబట్టి గుమ్మం పైన, సిగ్నల్ కాస్త తగిలేచోట నా ఫోను పెట్టి, దాన్నుంచి చిట్టిదానికి నెట్టు ఇచ్చి, వారం చిట్టా దింపుకునేవాణ్ని. సోమవారం కొట్లో అచ్చు వేసి బావకి పంపేవాణ్ని. వరసలు వరసలుగా వేడి, తేమ, మీట లాగిన వేళలు. బావ ఆ కాగితాలు మిగతా హేచరీలవాళ్లకి చూపించి, "మా బావమరిది చేశాడు" అని చెప్పుకునేవాడు. మూడో వారానికే మూడు హేచరీలవాళ్లు నా కొట్టుకి వచ్చి మాకూ ఒకటి పెట్టమన్నారు. కళ్లు నెత్తికెక్కడానికి మనిషికి అంతకంటే ఏం కావాలి?

అంతలో ఎండలు ముదిరాయి. కరెంటు రోజూ గంటో గంటన్నరో పోయేది. పోగానే బాబాయి పరిగెత్తి జనరేటర్ వేసేవాడు. మిషను ఆగేది కాదు. బావ పగలంతా ఫారాల చుట్టూ తిరిగేవాడు కాబట్టి ఈ పోవడాలూ రావడాలూ ఆయనకి పెద్దగా తెలిసేవి కావు.

ఎండల నడుమ ఒక విడత గుడ్లు చెడిపోయాయి. ఇరవై ఒకటో రోజు ట్రేలు లాగి చూస్తే సగానికి సగం చప్పుడు లేదు. పగలగొట్టి చూస్తే పిల్లలు లోపలే పెంకుకి అంటుకుని చచ్చిపోయి ఉన్నాయి. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది. అలా ఎందుకు జరిగిందో ఇప్పటికీ నాకు తెలియదు. ఎండ వేడి కావచ్చు, వచ్చిన గుడ్లే పాతవి కావచ్చు. కానీ నష్టం జరిగినచోట కారణం కంటే ముందు మనిషి కావాలి. మా దగ్గర కాగితాలు కూడా సిద్ధంగా ఉన్నాయి.

ఆ సాయంత్రం బావ వరండాలో మూడు వారాల కాగితాలు పరిచాడు. ఎర్ర పెన్నుతో గీతలు పెట్టాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బాబాయిని పిలిచాడు.

"ఇదిగో బాబాయ్, మంగళవారం గంటన్నర తేడాలో రెండుసార్లు నొక్కావు. గురువారం కూడా అంతే. ముందే నొక్కేసి పడుకున్నావా?"

"ముందే నొక్కడం ఏంట్రా? మూడు గంటలకోసారే లాగాను. లాగినప్పుడే నొక్కాను," అన్నాడు బాబాయి. "కరెంటు లేనప్పుడు ఒకటీ అరా దీపం వెలగలేదేమో. నొక్కడం మాత్రం నొక్కాను."

"కరెంటు పోయినట్టు కాగితంలో ఎక్కడా లేదే. వరస తెగకుండా ఉంది. సరే, అది వదిలెయ్. ఆదివారాల సంగతేంటి? తెల్లవారుజామున అయిదింటికి నొక్కావు, మళ్లీ మధ్యాహ్నం మూడింటికి. పది గంటలు! మూడు ఆదివారాలూ దాదాపు అంతే."

అక్క గుమ్మంలోంచి మెల్లిగా అంది: "మొన్న ఆదివారం నేను పన్నెండింటికి అన్నం పట్టుకెళ్తే బాబాయి మీట దగ్గరే ఉన్నాడు కదండీ."

"ఆదివారమేనా? శనివారమేమో, గుర్తు తెచ్చుకో."

అక్క కాసేపు ఆలోచించింది. "ఏమో మరి. శనివారమేనేమో," అంది.

కాగితం ముందు కళ్లతో చూసిందే తేలిపోతే ఇక మాటెంత? బాబాయి కాగితాల మీదకి వంగి ఆ అంకెల్ని చాలాసేపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు అబ్బాయ్. అది తప్పు రాసే అవకాశం ఉందా?"

ఆయన అడిగింది నా చదువుని నమ్మి. ఒక్క రోజు గడువడిగి ఉండొచ్చు. చూసి చెప్తానని ఉండొచ్చు. కానీ మూడు హేచరీల మాట నా నెత్తిమీద ఉంది.

"జరిగిందే రాస్తుంది బాబాయ్," అన్నాను.

ఆయన కోప్పడతాడనుకున్నాను. బావమీద అరుస్తాడనుకున్నాను. ఆయన అరవలేదు. నుదురు రుద్దుకుంటూ, "అయితే నేనే మర్చిపోతున్నానన్నమాట," అన్నాడు. "లాగాననుకుని లాగట్లేదన్నమాట. నాకు తెలియనే తెలియలేదురా." మొలకి కట్టుకున్న గది తాళంచెవి విప్పి కాగితాల మీద పెట్టాడు. బావ దాన్ని వెంటనే తీసుకోలేదు. కాసేపటికి తీసుకున్నాడు.

ఆ తర్వాత మీట పని అక్కా బావా పంచుకున్నారు. రెండు వారాల తర్వాత ఒక ఆదివారం నాకు మధ్యాహ్నం వేరే పని ఉండి, పదకొండున్నరకే వెళ్లాను. అక్క పొదిగే గదిలో ఉంది. పన్నెండు కొట్టేదాకా నాతో కబుర్లు చెప్పి, మీట లాగి, పచ్చ బొత్తాం నొక్కింది. నేను చిట్టిదాని ముందు కూర్చుని తెర వెలిగించాను. ఫోను ఇంకా జేబులోనే ఉంది.

తెరమీద టైము ఉదయం మూడూ నలభై అని ఉంది.

కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. ఫోను తీసి గుమ్మం పైన పెట్టాను. నెట్టు అందగానే ఆ అంకెలు ఒక్క గెంతు గెంతి పన్నెండూ అయిదు దగ్గర నిలబడ్డాయి. ఎన్ని ఆదివారాలు వచ్చి చూశానో అన్నిసార్లూ అది నా ఎదుట ఇలాగే సర్దుకుని, ఏమీ ఎరగనట్టు కూర్చుంది.

పాత పెట్టెల్లో, చొక్కా గుండీ కంటే కాస్త పెద్ద బ్యాటరీ బిళ్ల ఒకటి ఉంటుంది. కరెంటు లేకపోయినా ఏళ్ల తరబడి టైముని అదే మోస్తుంది. ఈ చౌక పలకకి ఆ బిళ్ల లేదు. కరెంటు పోతే చచ్చిపోతుంది. వచ్చాక, తనకి చివర గుర్తున్న టైము నుంచే మళ్లీ మొదలెడుతుంది. నెట్టు అందితే సరైన టైము అడిగి తెలుసుకుంటుంది. నా కొట్లో నెట్టు ఎప్పుడూ ఉండేది కాబట్టి అది అక్కడ ఒక్కసారీ తప్పలేదు. ఈ గదిలో నెట్టు వచ్చేది ఆదివారం నేను వచ్చినప్పుడే. మధ్యలో కరెంటు పోయిన గంటలన్నీ అది మర్చిపోయి, వాటన్నిటినీ కలిపి ఆదివారం మధ్యాహ్నం ఒకే ఖాళీగా చూపించింది. బాబాయి మూడేసి గంటలకి నొక్కిన నొక్కులు దాని చిట్టాలో గంటన్నర తేడాకి దగ్గరపడ్డాయి. ఆయన ఒక్కసారి కూడా తప్పలేదు.

"ఏమైందిరా, మొహం అలా పెట్టావు?" అంది అక్క.

"ఏం లేదక్కా," అన్నాను.

ఆ వారం చిట్టాలో అక్క నొక్కులకీ అదే గతి పట్టింది. అంతకుముందు వారానికి కూడా అంతే, కాకపోతే ఆ కాగితాన్ని బావ ఇంకా తిరగేయలేదు. ఆ రాత్రి రెండూ మళ్లీ అచ్చు వేశాను. అక్క నొక్కుల్ని మూడేసి గంటలకి సర్ది, ఖాళీ కనపడకుండా చేశాను. మర్నాడు చిట్టిదానికి విడిగా ఒక గడియారం ముక్క, ఒక బిళ్ల బ్యాటరీ తగిలించాను. ఒక పూట టిఫిను ఖర్చు కూడా కాలేదు. అక్కకి చేసిన ఆ ఉపకారం బాబాయికి ఎందుకు చెయ్యలేదంటే నా దగ్గర ఒకటే జవాబు ఉంది, అది చెప్పుకోదగ్గది కాదు. ఆ మూడు హేచరీల్లో అప్పటికే మూడు పలకలు బిగించేశాను. వాటికీ ఈ బిళ్ల లేదు. ముందు వాటన్నిటికీ చడీచప్పుడు లేకుండా తగిలించి వచ్చి, తర్వాత తీరిగ్గా చెబుదామనుకున్నాను. తేలు కుట్టిన దొంగకి తీరిక ఎప్పుడు దొరుకుతుంది?

ఈలోగా ఇంట్లో బాబాయి పరిస్థితి మారిపోయింది. ఆయన మర్చిపోతాడని ఒకసారి అనుకున్నాక, అందరి కళ్లూ ఆయన మీదే. ఆయన స్నానానికి వెళ్తే అక్క వెనకే వెళ్లి కుళాయి కట్టాడో లేదో చూసేది. స్టవ్ దగ్గరికి వెళ్లనిచ్చేవాళ్లు కాదు. పక్కింటావిడ ఆయనతో చెవిటివాడితో మాట్లాడినట్టు గట్టిగా మాట్లాడేది. వాళ్లు చేసిందంతా ప్రేమతోనే. కానీ ఎప్పుడు మర్చిపోతాడా అని నలుగురూ కాచుకుని కూర్చుంటే ఎవరైనా ఏదో ఒకటి మర్చిపోతారు. ఆయన ఒకరోజు చెప్పులు వేసుకోకుండా బజారుకి వెళ్లాడు. ఇంకోరోజు అన్నం తిన్నాక, "నేను తిన్నానా?" అని అడిగాడు. అడిగి అందరి మొహాలూ చూశాడు.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమని బావ నాకే చెప్పాడు. "నువ్వంటే ఆయనకి ఇష్టం, నీతో అయితే గొడవ పెట్టకుండా వస్తాడు," అన్నాడు.

డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. ఈ రోజు ఏ వారం, వందలోంచి ఏడు తీసేస్తే ఎంత, ఇలాంటివి అడిగింది. బాబాయి ప్రతి జవాబుకీ ముందు నా వైపు చూసేవాడు. చివరికి ఆమె తెల్లకాగితం, పెన్సిలు ఇచ్చింది.

"పెద్దాయనా, గడియారం బొమ్మ వెయ్యండి. ముళ్లు పదకొండూ పది చూపించాలి."

రెండు నెలల తర్వాత ఆయన చేతిలో పెన్సిలు చూశాను. గుండ్రంగా గీశాడు. పన్నెండు అంకెలూ వాటి వాటి చోట్ల వేశాడు. చిన్న ముల్లు పదకొండు దాటి కాస్త, పెద్ద ముల్లు రెండు మీద. అచ్చు గుద్దినట్టుంది. నా ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు ఆయన తలెత్తి, "సరిగ్గా ఉందా అబ్బాయ్?" అని నన్నడిగాడు.

ఔనని ఒక్క మాట అంటే సరిపోయేది. "మీరు చెప్పకూడదు," అంది డాక్టరమ్మ నాతో. నాకు అదొక సాకు దొరికింది. నోరు మూసుకున్నాను. నా మౌనంలో ఆయనకి ఏం వినపడిందో మరి, "తప్పేనా," అని పెన్సిలు వెనకున్న రబ్బరుతో ముళ్లు రెండూ చెరిపేశాడు. చాలాసేపు ఆలోచించి పెద్ద ముల్లుని పది మీద వేశాడు. డాక్టరమ్మ ఏదో రాసుకుంది. రెండు రకాల మాత్రలు రాసిచ్చింది.

బయటికొచ్చాక బస్సు కోసం నిలబడ్డాం. బాబాయి చేతికున్న వాచీ విప్పి నా చేతిలో పెట్టాడు.

"నాకింకెందుకు ఇది? నువ్వుంచుకో. టైముతో పని ఉన్నవాడివి."

దాన్ని జేబులో వేసుకున్నాను.

వాచీని కొట్లో బల్లమీద పెట్టాను. నాలుగు నిమిషాలు ముందుంది. వారం రోజులు అలాగే గడిపాను. ఆ వారంలోనే తొలివాన పడింది. వాన పడ్డ రోజు, ఎందుకో లేచి, మూల పడేసిన పాత కంప్యూటర్ మీద దుమ్ము దులిపి, తీగ గుచ్చి ఆన్ చేశాను. దాని కింద ఒకప్పుడు ఉండే బ్యాటరీ పెట్టె ఇప్పుడు లేదు. నెట్టు లేదు. రెండున్నర నెలలుగా కరెంటు చుక్క తగల్లేదు. ఫ్యాను నూగు కక్కుతూ తిరిగింది. తెర వెలిగింది. నా ఫోనులో నాలుగూ ఇరవై. దాని తెరమీద నాలుగూ ఇరవై నాలుగు. బాబాయి వాచీలోనూ అంతే.

చిట్టిదానికి ఆ వేసవంతా నేను ఒక్కొక్కటీ తగిలిస్తూ పోయాను. వేడెక్కుతోందని బుల్లి ఫ్యాను, నూగు పడుతోందని డబ్బా, గడియారం ముక్క, దానికి బిళ్ల, చిప్ పాడైతే ఇంకో చిప్. పాత పెట్టెలో ఇవన్నీ ముందే ఉన్నాయి. ఎవరికీ చెప్పుకోకుండా పదకొండేళ్లు తన పని తను చేసుకుపోయింది. అలాంటివాళ్లని పక్కకి తొయ్యడం చాలా తేలిక.

వాన వెలవకముందే పాత కంప్యూటర్ని ఆటోలో వేసుకుని అక్క ఇంటికి వెళ్లాను. వరండాలో బల్లమీద పెట్టి వెలిగించాను. బావ, అక్క, కుర్చీలో బాబాయి. అందరి ముందూ మొత్తం చెప్పేశాను. కరెంటు, గడియారం, ఆదివారం ఖాళీలు, అక్క కాగితాలు దిద్దడం, అన్నీ.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు బావ.

"నెల దాటింది బావా."

"నెల," అన్నాడు బావ. అంతే. కొడతాడేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. లేచి వెళ్లి బాబాయి కుర్చీ ముందు గొంతుక్కూర్చున్నాడు. "తప్పైపోయింది బాబాయ్. నువ్వు ఒక్కసారి కూడా తప్పలేదట. నేనే కాగితాలు నమ్మి నిన్ను కాదనుకున్నాను." అక్క కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది. "ఆదివారమే నేను చూసింది. ఆదివారమే," అంటోంది.

బాబాయి బల్లమీది తెర చూస్తున్నాడు.

"నాలుగు నిమిషాలు ముందుంది," అన్నాడు.

"చూశావా బాబాయ్! ఎంత బాగా గుర్తుందో చూడు. నీకేం కాలేదు. నాదే తప్పు," అన్నాను.

ఆయన నవ్వాడు. చంటిపిల్లాణ్ని ఊరుకోబెట్టే నవ్వు. "పాతవి గుర్తుంటాయట అబ్బాయ్. డాక్టరమ్మ చెప్పిందిగా. కొత్తవే పోతాయట." నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు. గొంతు తగ్గించి, "నా బాధ చూళ్లేక నీ మీద వేసుకుంటున్నావు. మంచివాడివిరా. కానీ బయట ఎవరితోనూ ఇలా అనకు, నీ వ్యాపారం దెబ్బతింటుంది. మిషను అబద్ధం ఆడదని నువ్వే చెప్పావు కదా," అన్నాడు.

ఎంత చెప్పినా ఆయన నమ్మలేదు. కాగితాలు తెచ్చి, కరెంటు పోయిన రోజుల్ని వేలు పెట్టి చూపించాను. ఆయన తలూపుతూ అన్నీ విన్నాడు. వింటూ మధ్యమధ్యలో నా వీపు నిమిరాడు.

మీట లాగే వేళయింది. బావ మొలలోంచి తాళంచెవి తీసి బాబాయి చేతిలో పెట్టి, చెయ్యి పట్టుకుని పొదిగే గదికి నడిపించాడు. వెనకే అక్కా నేనూ. లోపల వేడి, గుడ్ల వాసన, అన్నీ మునుపట్లాగే ఉన్నాయి. బాబాయి అలవాటుగా నేరుగా మిషను దగ్గరికి వెళ్లి మీట మీద చెయ్యి వేశాడు. వేసి ఆగాడు. నా వైపు తిరిగాడు.

"ఇప్పుడే లాగాను కదా?"

"లేదు బాబాయ్. ఇంకా లాగలేదు. లాగు," అన్నాను.

"సరిగ్గా చూసి చెప్పు నాయనా," అని మీట వదిలేసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

మేం ముగ్గురం ఎంత బతిమాలినా మళ్లీ దానిమీద చెయ్యి వెయ్యలేదు. చివరికి నేనే లాగి, పచ్చ బొత్తాం నొక్కాను. చిట్టిది ఆ టైముని నిమిషం కూడా తేడా లేకుండా రాసుకుంది.